నడిపయ్య చుట్టూ జనం

ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు కొమ్మును టక్కున విరిచి, లోపలి రంగు చూసి, సరుకు ఎలాంటిదో చెప్పేవాడు నడిపయ్య. రెండువేల ఏడు సీజన్‌లో ఆయన కళ్ళలో ప్రెషర్ పెరిగి, చూపు అంచుల నుంచి తరిగిపోసాగింది. ముఖం ముందు పెట్టుకున్న కొమ్ము బంగారంలా కనిపించేది. పక్కనున్న బస్తా మాత్రం కాలికి తగిలి పడేదాకా తెలిసేది కాదు.

సంగతి ఆయన్ని పనిలో పెట్టుకున్న కమీషన్ సేటుకు తెలిస్తే పని పోతుంది. అందుకని యార్డంతా సాయానికి దిగింది. మా ఊళ్ళో సాయం అడగనక్కర్లేదు, ఆపడమే కష్టం. కుడిపక్క భార్య పోచవ్వ నిలబడింది, ఎడమపక్క హమాలీ హన్మండ్లు. ముందొకరు, వెనక ఇద్దరు. నందిపేట్ నుంచి పసుపు తెచ్చిన రైతులు కూడా బేరం మానేసి గుంపులో చేరారు. "బస్తా! కుక్క! మెట్టు!" అని అందరూ ఒక్కసారే అరిచేవారు. సేటేమో ఆ గుంపును చూసి, మనవాడికి గిరాకీ పెరిగిందని మురిసిపోయాడు.

దవాఖానలో చూపు పరీక్షకూ అందరూ వెళ్ళారు. డబ్బాలో ముఖం పెట్టి, చుక్కంత వెలుగు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. వెలుగు ఎప్పుడు వచ్చేదీ బయటి కంప్యూటర్‌లో తెలుస్తుంది. హన్మండ్లు అది చూసి వీపు మీద పొడిచేవాడు, నడిపయ్య నొక్కేవాడు.

"ప్రెషర్ ఉన్నా చూపు భేషుగ్గా ఉంది. ఆపరేషన్ ఇప్పుడే వద్దు" అన్నాడు డాక్టర్. యార్డులో పేడాలు పంచారు. ఆ పేడాలు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

యార్డులో పసుపు ఏరే ఆశమ్మ కూతురు రూత్ ఈస్టర్‌కు ఇంటికొచ్చింది. హైదరాబాద్‌లో ఎలుకల కళ్ళ మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో ఆమెకు ఉద్యోగం. ఈ ఘనకార్యం విని తల పట్టుకుంది.

"మేం ఎలుకల కండ్లల్ల ప్రెషర్ పెంచి చూస్తం. చూపు నరం చుట్టు ఆసరాగుండే కణాలుంటయి. ప్రెషర్ పెరగంగనే అవి ఉబ్బుతయి, గుంపు కడతయి. ముందుగాల సాయమే చేస్తయి. తర్వాత గా గుంపే గట్టిపడి నరాన్ని సతాయిస్తది."

"పాపం, ఎలుకకు గూడ మనసొంటోళ్ళు ఉన్నరన్నట్టు!" హన్మండ్లు కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ ఇంకో అడుగు దగ్గరికి జరిగారు.

"జరుగుండ్రి! నడిపయ్య కాకను జర ఇడిసిపెట్టుండ్రి!"

రూత్ కేకకు గుంపు బిత్తరపోయి గేటు దాకా వెళ్ళింది. పసుపు కుప్పల మధ్య ఎన్నాళ్ళకో చప్పుడు ఆగింది. నడిపయ్య ఎదురుగా ఉన్న రూత్‌ను చూసి నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"పోచవ్వ గూడ పోయిందా, బిడ్డా?"

పోచవ్వ ఎప్పటిలాగే ఆయన కుడిభుజం పక్కనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడికీ పోలే, గీడనే ఉన్న. రేపు మల్ల దవాఖానకు పోదాం. నేను గూడ బయటనే కూసుంట. బటన్ నువ్వే నొక్కు."