పళ్ల డాక్టరు చెక్కిన చేపలు

పళ్ల డాక్టరుగారికి ఎదురు చెప్పేవాళ్లు లేరు. రోజంతా ఆయన మాటలు వినేవాళ్లు నోరు తెరుచుకుని పడుకుంటారు కాబట్టి, లోకమంతా తనతో ఏకీభవిస్తోందని గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకంతోనే చేపలను మోసం చేయడానికి పూనుకున్నాడు.

ఊరి చివర, రెండు రాతిగట్ల మధ్య సముద్రం లోపలికి చొచ్చుకొచ్చే మొగ ఉంది. ఆటుపోట్ల వేళ అక్కడ నీళ్లు ఎవరో తరుముతున్నట్టు పరుగెడతాయి. పెద్ద చేపలు అడుగున కాచుకుని ఉంటాయి. వాటి కోసం డాక్టరు నెల రోజులపాటు, పళ్లు అరగదీసే మిషనుతోనే, గాలానికి ఎరగా కట్టే కొయ్యచేపలు చెక్కాడు. తేలికపాటి చెక్క, పొలుసు పొలుసుకీ రంగు, ఆపైన కట్టుడుపళ్లకు పెట్టే మెరుగు.

వారం ఉండి వెళ్దామని వచ్చి, కూతురు వదలక నెలగా ఆగిపోయిన అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది. ఆవిడ ముప్పై ఏళ్లు ఇలాంటి మొగలోనే రేవుపడవ నడిపింది. ఆ సంగతి అల్లుడికి తెలుసు. తెలిసినంత మాత్రాన అడగాలని ఎక్కడుంది?

ఆదివారం పొద్దున ఆవిడ కూడా గట్టు మీదికి వచ్చింది. మొదటి కొయ్యచేప ఎండుటాకులా తేలుతూ వెళ్లి రాళ్లలో ఇరుక్కుంది. తర్వాతి అయిదూ అదే దారి పట్టాయి. ఏడోదాన్ని ఒక కొంగ ముక్కున కరిచి, రుచి చూసి, వదిలేసింది. నెల రోజుల పనితనాన్ని గుర్తించిన జీవి అదొక్కటే.

"ఇక్కడ చేపల్లేవు," అని డాక్టరు తేల్చేశాడు.

"ఉన్నాయి బాబూ. అవి అడుగున ఉన్నాయి, మీ బొమ్మ పైన పోతోంది," అంది అత్తగారు.

"అంత అందంగా ఉంటే పైకి రావా?"

"ఇంత వడిలో ఎదురీది మరీ అందం చూడాలా? వాటికేం పనిలేదా? పైన పటారం, లోన లొటారం."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా అత్తయ్యగారూ?"

"మీరు అడుగుతారేమోనని చూశాను."

"ఎన్నాళ్లు?"

"నెల."

ఆ సాయంత్రమే పళ్ల అచ్చులు తీసే ప్లాస్టరుతో సీసపుచేపకు మూస చేశారు. సన్నగా, పొడుగ్గా, మూతి దగ్గర బరువుగా. డాక్టరు వెంటనే సీసం కరిగించబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"తడి ఆరలేదు. ఇప్పుడు పోస్తే సీసం ఎగిరి మొహాన పడుతుంది. అప్పుడు మీ పళ్లు ఎవరు కడతారు?"

ఎండబెట్టి, శుక్రవారం కిటికీలన్నీ తెరిచి పోశారు. ఒంటినిండా తెల్లరంగు తప్ప ఏమీ వద్దంది ఆవిడ. కళ్లు మాత్రం పెడతానని ఆయన బతిమాలాడు.

"పెట్టుకోండి, మీ సరదా ఎందుకు కాదనాలి."

మళ్లీ ఆదివారం. ఎగువకు విసరమంటే ఆయన అలవాటుగా దిగువకు విసిరాడు. రెండోసారి చెప్పినట్టు విసిరాడు. సీసపుచేప మునిగింది, అడుగు తాకింది, కొట్టుకుపోతూ ఒకసారి ఎగిరింది. అంతే, గాలపు కర్ర వంగిపోయింది.

"లాగకండి. దాంతోపాటు నడవండి."

మోకాళ్లు గీరుకుంటూ, చెప్పు ఒకటి పోగొట్టుకుని, డాక్టరు గట్టు పొడుగునా నడిచాడు. పక్కనే అత్తగారు. నీళ్లు నెమ్మదించిన చోట చెయ్యంత చేప ఒడ్డెక్కింది. ఆయన ముందు దాని నోరు తెరిచి పళ్లు చూశాడు. తర్వాత సీసపుచేపను విడదీసి, చొక్కాతో తుడిచి అత్తగారి చేతిలో పెట్టాడు.

"తర్వాతదానికి ఎంత బరువు వేద్దామంటారు?" అని అడిగాడు.

"నీళ్లు చూసి చెప్పాలి. రేపు మీకు ఆస్పత్రి ఉందిగా?"

"మధ్యాహ్నం నుంచి తెరుస్తాలెండి."