తోసేది ఎవరండీ

టైరు మీద గళ్ళు లోతుగా ఉంటే ఇసకని గట్టిగా పట్టుకుంటాయి కదా, పడవని ఒడ్డుకెక్కించే బండికి కావలసింది ఆ పట్టే కదా అనుకుంటూ ఆ టైరు దగ్గరే ఆగిపోయాను, రాజోలు టైర్ల కొట్లో కొత్త రబ్బరు వాసన పాకం మాడినట్టు ముక్కులో కూర్చుంది, టైరు పక్కన ఇంగ్లీషు అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి, మూడో తరగతిలో బడి మానేసిన నాకు తెలుగే కూడబలుక్కోవాలి, అయినా చదివేవాడిలా వేలు పెట్టి తడుముతున్నాను, పక్కన కోడలు కరుణ నిలబడి ఉంది, తనకి చదవడం వచ్చు, చదవమని నేను అడగను, కొట్టాయన గోపీకృష్ణ గారు స్టూలు మీంచి లేవకుండానే, అవి ట్రాక్టరు లాగే బండికండి బాబాయిగారూ, ఆ గళ్ళు ఇసకని పట్టుకోవు, గొయ్యి తవ్వుకుని అందులో కూర్చుంటాయి అన్నారు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు తలూపాను, తెలియదు, మా పాలెంలో పడవకి పదిమంది భుజాలు పెట్టేవాళ్ళం, ఇప్పుడా భుజాలన్నీ రొయ్యల చెరువుల మీద జీతానికి ఉన్నాయి, ఇంతకీ మీ పడవ తోసేది ఎవరండీ అని అడిగారాయన, నలుగురు మగాళ్ళుంటే ఈ బరువుది తీసుకోండి, ఏళ్ళతరబడి చూసుకోనక్కర్లేదు, ఒకళ్ళో ఇద్దరో అయితే ఇదుగో ఈ వెడల్పుది, తేలిక, గాలి సగమే కొట్టించండి, ఇసక మీద చాపలా పరుచుకుంటుంది, కాకపోతే తొందరగా అరుగుతుంది, నలుగురం ఉన్నామండి అనేశాను, అడిగీ అడగకముందే నోట్లోంచి ఊడిపడింది, నలుగురం, మగాళ్ళమే, కరుణ నావైపు చూడలేదు, చీర కొంగు చేతికి చుట్టుకుంది.

ఆ చెయ్యి, మావాళ్ళలో ఆడది పడవ మీద చెయ్యి వెయ్యదు, మా అమ్మ వెయ్యలేదు, నా భార్య అప్పాయమ్మ బతికినన్నాళ్ళూ చేపల గంప పట్టుకుని అల్లంత దూరంలో కూర్చునేది గాని దగ్గరికొచ్చి ముట్టుకోలేదు, మా అబ్బాయి దుర్గేష్‌కి నడుంలో డిస్కు జారింది, బరువెత్తితే కాలు పడిపోతుందన్నారు అమలాపురం డాక్టరు గారు, వాడు మంచమెక్కాక ఒక్కణ్ణే పడవ ఒడ్డుకి లాక్కొస్తున్నానని పాలెమంతా చెప్పుకున్నాను, ఈ వయసులో కూడానా పోలయ్యా అంటే మీసం మీదికి చెయ్యి పోయింది, మొన్న పున్నమి పోటుకి పడవ వెనక్కి జారిపోతోంది, పిలవలేదు, కరుణే వచ్చి వెనక భుజం పెట్టింది, పడవ పైకి కదిలింది, నేను ముందుకే చూస్తూ ఉండిపోయాను, మర్నాడు పొద్దున్నే తను చెయ్యేసిన చోటు పసుపు నీళ్ళతో కడిగాను, వెనక్కి తిరిగితే సరుగుడు చెట్ల కింద పుల్లలు పట్టుకుని నిలబడి ఉంది, మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, పసుపు అయిపోయిందండి మావయ్యగారూ, ఈ నెల ఎక్కువ తెప్పించమంటారా అంది, ఆయ్ అన్నాను, బండి చేయిద్దామన్నది నేనే, చక్రాలుంటే తన చెయ్యి ఇనప గొట్టం మీద పడుతుంది గాని పడవ మీద పడదు, ఆచారమూ నిలబడుతుంది, పనీ జరుగుతుంది, ఎంత తెలివి నాది.

గోపీకృష్ణ గారు బరువు టైరు దొర్లించుకొచ్చి నా మోకాళ్ళకి ఆనించారు, చూడండి ఎంత గట్టిదో అని, నడుం కలుక్కుమంది, ఇలాంటివి రెండు, వాటి మీద ఇనప బండి, దాని మీద పడవ, ఇంజను, తడిసిన వల, ఇసకలో ఇంత దిగబడితే ఎత్తేదెవరు, నేను చెప్పిన ఆ నలుగురూ ఎవరు, నేను, మంచం మీద దుర్గేష్, పోయిన మా అన్నయ్య, నాలుగోవాడు ఎంతకీ దొరకలేదు, చచ్చినవాణ్ణి లెక్కలో వేసుకున్నాను గాని పక్కన నిలబడ్డ మనిషిని వేసుకోలేదు, అదే బాగుందండి మావయ్యగారూ, నలుగురున్నారుగా అంది కరుణ, వెటకారమేమోనని మొహం చూశాను, కాదు, కొట్టాయన ముందు నా మాట పడిపోకుండా వెనకనుంచి ఆపుతోంది, నా అబద్ధాన్ని కూడా తనే తోస్తోంది, కొంగు విప్పి నా మోకాళ్ళ మీంచి టైరు అందుకుంది, అరచేతి మొదట్లో కాయలు కాసి ఉన్నాయి, నా చేతికి ఉన్నచోటే, ఒక్క పున్నమికి కాసే కాయలు కావవి.

అది వద్దండి, వెడల్పువి ఇవ్వండి అన్నాను, అదేంటండీ నలుగురన్నారుగా అన్నారాయన, కాదండి, ఇద్దరమే, బండి ముందు గొట్టం నేను పడతాను, వెనకనుంచి తోసేది మా కోడలండి అన్నాను, కరుణ టైరు మెల్లగా కింద పెట్టింది, గాలి సగమేనాండీ అని ఆయన్ని అడిగింది, నేను తల ఎత్తలేకపోయాను, దుర్గేష్ నడుం పోయినప్పట్నించీ ఆ పడవ నా ఒక్కడి బలంతో ఒక్కనాడూ ఒడ్డెక్కలేదు, వెనక ఎవరో ఉన్నారని నా భుజాలకి తెలుసు, నేనే తెలియనట్టు ఉన్నాను.