పదిహేను సంతకాల కాగితం

గుమాస్తా కాగితాన్ని టైలరమ్మ వైపు తోసేశాడు.

"ఇది చెల్లదమ్మా. మూడో సంతకం, నాలుగో సంతకం ఒకే చేతివి. ఒక్కటి దొంగదైనా కాగితం మొత్తం పోయినట్టే. రేపు మధ్యాహ్నంలోగా కొత్తది తెండి."

చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవాళ్లు పెద్దయ్యాక మూడేళ్లలోపే ఫిర్యాదు చేయాలట. ఆ గడువును చట్టంలోంచి తీసేయమని అడిగే అర్జీ అది. రెండు నెలలుగా కొలతలు తీసుకున్న ప్రతివాళ్ల చేతా టైలరమ్మ సంతకం పెట్టిస్తోంది. ఈ కాగితంలోని పదిహేనూ లేకపోతే లెక్క చాలక అర్జీ శాసనసభ గడప తొక్కదు.

మూడో పేరు పక్కింటి పంతులమ్మది, నాలుగోది ఆవిడ భర్తది.

"అయ్యో, అదా! పిల్లల మార్కుల కార్డుల మీద ఆయన సంతకం ఎప్పుడూ నేనేగా పెట్టేది. ఆయనకంటే నాకే బాగా వచ్చు!" అంది పంతులమ్మ.

"ఈసారికి ఆయన్నే పిలవండి తల్లీ."

ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "మూడేళ్లేనా?" అన్నాడు. పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు.

సాయంత్రానికి కొత్త కాగితం మీద పద్నాలుగు అయ్యాయి. మిగిలింది టైలరమ్మ సొంత అక్క. ఎనిమిదేళ్లప్పుడు సంగీతం మాస్టారు చేసినదాన్ని అక్క ముప్ఫై దాటాక గానీ నోరు విప్పి చెప్పలేకపోయింది. గడువు దాటిందని స్టేషన్‌లో వెనక్కి పంపేశారు. పోయినసారి మొహం పక్కకు తిప్పుకుని ఓ గీత గీకి, "ఇక ఈ మాట నా దగ్గర ఎత్తకు" అంది. టైలరమ్మ మాటిచ్చింది. ఆ చోట్లో ఇంకెవరి చేతైనా పెట్టించవచ్చు. కానీ అడగకుండా అక్క పేరు కొట్టేయడానికి మనసొప్పలేదు.

అక్క వంటింట్లో బీన్స్ తరుగుతోంది. కాగితం చూడగానే కత్తి ఆగింది.

"మాటిచ్చావు కదే!"

"ఇచ్చాను. తప్పాను. వద్దంటే వెళ్లిపోతానక్కా."

"ఇది ఎవరెవరు చూస్తారు?"

"అడిగినవాళ్లందరూ చూడొచ్చు."

"వాడు కూడానా?"

టైలరమ్మ నోటికి అబద్ధం రాలేదు. "వాడు కూడా."

అక్క ఇంకో నాలుగు కాయలు తరిగింది. చేతులు తుడుచుకుని పెన్ను అందుకుంది. ఈసారి గీత కాదు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, గుండ్రటి అక్షరాల్లో. గడి చాలక పక్క గడిలోకి పోయింది. కింద ఇంటి నంబరు కూడా వేసింది.

"గడి దాటింది. చెల్లుతుందంటావా?"

"చెల్లదంటే ఆ గుమాస్తా సంగతి నేను చూస్తాలే."

"సరే, అలా నిలబడకు. ఆ మిగతా కాయలు నువ్వు తరుగు" అంది అక్క.