సుమోలో ఇప్పచెట్టు

నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక సందులో హఫీజ్ బండ్లకు సీటు కవర్లు కుట్టేవాడు. అతని భార్య జహీరున్నీసా బండ్ల లోపల డిజైన్లున్న ప్లాస్టిక్ షీట్లు అంటించేది. పొద్దున్నే షట్టరు లేపడం, టీ తాగడం, షీటు చుట్టలు బయట నిలబెట్టడం, ఇదే వాళ్ళ రోజు. అప్పట్లో టాక్సీవాళ్ళందరికీ కట్టె డిజైను పిచ్చి పట్టింది. డ్యాష్‌బోర్డు మీద టేకు షీటు పడకపోతే అది బండే కాదన్నట్టు మాట్లాడేవాళ్ళు.

జహీరున్నీసా పనిలో ఒక్క బుడగ మిగిలేది కాదు. సబ్బునీళ్ళు చల్లి, షీటు పరిచి, గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ కార్డుతో నడుమ నుంచి అంచులకు తోసేది. మూలల్లో వేడిగాలి డ్రయ్యర్ పట్టి సాగదీసేది. వేడి ఎక్కువైతే షీటు ముడుచుకుపోతుంది, తక్కువైతే వారానికే అంచు లేస్తుంది. ఆమె అంటించిన కట్టె షీటు వానాకాలంలో చిగురించేది. ఆకులు అద్దానికి అడ్డం రాకుండా డ్రైవర్లు కత్తిరించుకునేవాళ్ళు. బద్ధకస్తులు దానిక్కూడా దుకాణానికే వచ్చేవాళ్ళు. "ఏం, మీ ఇండ్లల్ల కత్తెర్లు లేవా?" అని విసుక్కుంటూనే ఆమె కత్తెర తీసేది.

ఆ శ్రావణంలో అడవి అంచునున్న మన్ననూరు నుంచి గోవిందు తన సుమో తెచ్చాడు. అతని తల్లి మణెమ్మకు కళ్ళలో పొరలు ముదిరాయి. వెలుగూ నీడా తప్ప మరేం తెలియడం లేదు. ఆపరేషనుకు ఇచ్చిన తారీఖులు తప్పిపోతున్నాయి, ఇంకోసారి తప్పితే ఆ వెలుగూ పోతుందని డాక్టరు తేల్చి చెప్పాడు.

"బండి ఎక్కుతలేదు ఆపా. తలుపు తీస్తనే కడుపుల తిప్పుతదట. పానం లేని డబ్బాల నేను కూసోనంటది. నీ షీటు ఏస్తే జర అడివి లెక్క ఉంటదేమోనని వచ్చిన."

జహీరున్నీసా తన దగ్గరున్న మంచి టేకు షీటు తీసి ఒళ్ళు దాచుకోకుండా అంటించింది. ముసురు పట్టిన కాలం కదా, బండి మన్ననూరు చేరేసరికే చిగురు కనిపించింది.

వారం తర్వాత గోవిందు మొహం వేలాడేసుకుని మళ్ళీ వచ్చాడు. ఆపరేషను తారీఖు మరునాడే.

"ఆకు మంచిగనే వచ్చింది ఆపా. ఎక్కి కూసుంది కూడా. చేత్తోని తడిమి, ఒక ఆకు నలిపింది. వేళ్ళకు ఎర్రగ అంటుకున్నదా అని నన్నడిగింది. అవునన్న. గంతే, దుంకి దిగింది. టేకు సర్కారు చెట్టురా, ముట్టుకుంటే కేసు, మీ నాయిన ఒక్క గుంజ కొట్టి జైలుకు పోయిండు, నువ్వు బండి నిండ మొలిపిస్తవా అని ఒకటే తిట్లు."

జహీరున్నీసాకు కోపం రావాలి గాని సిగ్గేసింది. అడివివాళ్ళ ముందు టేకు పెట్టకూడదని తనకెందుకు తట్టలేదో! రంగు, మెరుపు చూసుకుంది గాని కూర్చునే మనిషిని అడగలేదు. డ్రయ్యరూ, డిజైను లేని మట్టిరంగు షీటు చుట్టా సుమోలో వేయించి, దుకాణం హఫీజుకు అప్పజెప్పి తనే బయల్దేరింది.

మణెమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏ చెట్టు కావాలె అవ్వా?"

"ఇప్ప," అంది ముసలామె. "దాని కిందనే పుట్టిన, దాని పువ్వు తినే పెరిగిన."

"ఇప్ప డిజైను ఎక్కడ దొరకదవ్వా. నేనే చెయ్యాలె. అది ఎట్లుంటదో చెప్తవా?"

చెప్పడమెందుకని మణెమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఇంటి వెనకున్న ఇప్పచెట్టుకు ఆనించింది. నిలువునా పగుళ్ళు, వాటి నడుమ అడ్డం పగుళ్ళు, బెరడంతా పలకలు పలకలుగా ఉంది. జహీరున్నీసా టేకు షీటు పీకేసింది. ఆకులు అక్కడికక్కడే వాడిపోయాయి, మేకలు వాసన చూసి వెళ్ళిపోయాయి. పక్కింటి నుంచి కరెంటు తీగ లాగి, మట్టిరంగు షీటు అంటించి, డ్రయ్యర్ దగ్గరగా పట్టింది. ఇన్నేళ్ళూ ఏ తప్పు జరగకూడదని ఒళ్ళంతా కళ్ళు చేసుకుందో ఆ తప్పే కావాలని చేసింది. షీటు ముడతలు పడింది, పగిలింది. నాగర్‌కర్నూల్‌వాళ్ళు చూస్తే మళ్ళీ మన గడప తొక్కరనుకుంది.

మణెమ్మ బయటే నిలబడి, తలుపులోంచి చెయ్యి చాపి తడిమి చూసింది. "గిది తుమ్మ లెక్కుంది బిడ్డా."

మళ్ళీ కొత్త ముక్క, మళ్ళీ వేడి.

"ఆఁ, గిట్ల. ఇంక జర లోతుకు పోనియ్యి."

చీకటి పడేసరికి పని అయింది గాని ఒక్క చిగురూ రాలేదు. కంపెనీ అచ్చేసిన డిజైన్లు చిగురిస్తాయని తెలుసు, చేత్తో చేసింది చిగురిస్తుందో లేదో జహీరున్నీసాకు తెలియదు. ఆ రాత్రికి అక్కడే పడుకుంది. తెల్లవారుజామున ఫజర్ నమాజులో ముసలామె కళ్ళ కోసం దువా చేసి, భయంభయంగా వెళ్ళి బండి తలుపు తీసింది.

కాళ్ళ దగ్గర మ్యాట్లు కనపడడం లేదు. సీట్ల మీదా కిందా ఇప్పపూలే రాలి ఉన్నాయి. ఎండాకాలం మొదట్లో పూసే చెట్టు శ్రావణంలో పూసింది. వాసన వాకిలి దాటి వీధిలోకి పోయింది.

మణెమ్మ గోడ పట్టుకుని వచ్చింది. ఎవరినీ ఏమీ అడగకుండా ముందు సీటెక్కి పూలు ఒళ్ళోకి ఎత్తుకుంది.

"ఏంది చూస్తున్నవురా? పోదాం పా."

దారి పొడుగునా ఒక్కసారి కూడా ఆమెకు కడుపులో తిప్పలేదు. వెనక సీటుకు గుప్పెడు పూలు చాపి, "తిను బిడ్డా, సార కాదు, పువ్వే," అంది. జహీరున్నీసా నవ్వి రెండు నోట్లో వేసుకుంది.

ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పిన రోజు గోవిందు తల్లిని తీసుకుని దుకాణం ముందు బండి ఆపాడు. జహీరున్నీసా చేతిలో పని వదిలేసి పరుగెత్తింది. బెరడు ఎలా కుదిరిందో ముసలామె చూసి చెప్తుందని ఆమెకు చిన్నపిల్లకున్నంత ఆత్రంగా ఉంది.

మణెమ్మ నల్లద్దాలు పైకి తోసింది. బెరడు వైపు చూడనే లేదు. పక్కన స్టీరింగు పట్టుకుని కూర్చున్న కొడుకును చూస్తోంది.

"తల ఎప్పుడు నెరిసిందిరా నీకు?"

"ఎప్పుడో నెరిసిందే అమ్మా."

"నాకు చెప్పలే."

"గది ఏం చెప్తరే?"

ఆమె అతని చెంపల మీది వెంట్రుకలు ఒక్కొక్కటే వెనక్కి దువ్వసాగింది. జహీరున్నీసా అడుగుదామనుకున్న మాట అడగలేదు. గోవిందు బండి స్టార్టు చేయలేదు. తల కాస్త వంచి, ఆమె చూసినంతసేపూ చూడనిచ్చాడు.