అంట్ల నీళ్ళు పోసిన చోటు

శనివారం పొద్దున్న స్నేహలత అంట్లు తోముతుంటే ముందుగదిలోంచి "అబ్బా!" అని భర్త అరుపు వినబడింది. రేడియో మైకు మళ్ళీ మూతి మీద చురుక్కుమనిపించి ఉంటుంది. చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. "నువ్వు దగ్గరికి రాకు, షాక్ కొడుతుంది," అన్నాడు ప్రసాదరావు పెదవులు తడుముకుంటూ, అక్కడికి ఆమెకేమీ తెలియనట్టు. నిజానికి ఆ ఇంట్లో, ఊళ్ళూ దేశాలూ దాటి మనుషులతో సరదాగా మాట్లాడుకునే హామ్ రేడియోకి లైసెన్సు ముందు తెచ్చుకున్నది ఆమె.

పెళ్ళయి తాడేపల్లిగూడెం వచ్చి తొమ్మిదేళ్ళు. రేడియో పుట్టింటి నుంచి ఆమెతోనే వచ్చింది. "ముక్కూ మొహం తెలీని మగాళ్ళతో కబుర్లేమిటమ్మా?" అని అత్తగారు విక్టోరియమ్మ మొదటి వారంలోనే అంది. తర్వాత వంటా, స్కూల్లో పాఠాలూ, పిల్లల జ్వరాలూ... రేడియో ప్రసాదరావు చేతికి వెళ్ళిపోయింది. అతనూ పరీక్ష పాసయ్యాడు, ఆమె కూర్చోబెట్టి చదివిస్తే. స్నేహితులొస్తే, ఆమె కాఫీ అందిస్తుండగా "మా ఆవిడక్కూడా కొంచెం తెలుసండీ" అనేవాడు. డిసెంబరుతో ఆమె లైసెన్సు గడువు అయిపోతుంది. "మళ్ళీ పొడిగించడం దేనికి? ఒక ఇంటికి ఒకటి చాలదా?" అన్నాడు మొన్న. చాలదని అనాలనుంది. ఖాళీ కాఫీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాన్నగారు గుర్తొచ్చారు. ఎలీయాజరు మాస్టారు కొల్లేరు ఒడ్డున బడిలో సైన్సు చెప్పేవారు. రేడియోకి ఏరియల్‌గా ఇంటి చూరు నుంచి కొబ్బరిచెట్టు దాకా ఒకే రాగితీగ లాగి, ఎర్తు కోసం నేలలో ఇనప గొట్టం దింపారు. పార వేస్తే నీళ్ళూరే నేల అది. "పైన తీగ సగమేనమ్మా, కింద నేల మిగతా సగం," అంటూ ఆ నల్ల బురదలో ఆమె చేత కూడా పని చేయించేవారు. ఆ బురద వాసన, కొంగల గోల, ఎక్కడో కొలంబో నుంచి తేలివచ్చే గొంతు, "నీ పేరు చెప్పు తల్లీ" అంటూ నాన్నగారు మైకు ముందుకు జరపడం. ఎంత బాగుండేవి ఆ రోజులు! ఆ పిల్ల ఏమైపోయిందా అని స్నేహలతకి ఏడుపొచ్చింది.

ప్రసాదరావు మామగారి తీగ చూశాడు గానీ మామగారి నేల చూడలేదు. మేడ మీంచి అలాంటి తీగే లాగి, ఎర్తు వైరు తీసుకెళ్ళి వాకిట్లో కుళాయికి చుట్టాడు. కుళాయి ఇత్తడిదే. దాని కింద నుంచి అంతా ఈమధ్య వేయించిన ప్లాస్టిక్ గొట్టం. "ఏవండీ, అది నేలకి తగలడం లేదండీ, అందుకే మైకు షాక్ కొడుతోంది," అని రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ "నాకు తెలుసులే" అన్నాడు.

మూడోసారి చెప్పలేదు. ఎప్పుడూ ఆరని నేల ఆ ఇంట్లో ఎక్కడుందో ఆమెకి తెలుసు. వంటింటి వెనక, తొమ్మిదేళ్ళుగా రెండు పూటలా తను అంట్ల నీళ్ళు పారబోసిన చోటు. మధ్యాహ్నం అతను బజారుకెళ్ళాక అక్కడ గునపం వేసింది. ఆరడుగుల ఇనప గొట్టం దింపి, తేమ నిలిచేలా చుట్టూ బొగ్గూ కల్లుప్పూ పోసి కప్పెట్టింది. ఎర్తు వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. అందుకని రేడియోని వంటింటి వరండాలోకి తెచ్చేసి, మేడ మీద తీగని ఇటువైపు దించింది.

"వంటింటి పక్కన స్టేషనేమిటే? నలుగురూ నవ్వుతారు," అన్నాడు ప్రసాదరావు వచ్చి.

"నేల ఎక్కడ బాగుంటే అక్కడేనండీ," అంది.

ఆదివారం పొద్దున్న ఏడింటికి చుట్టుపక్కల హామ్ రేడియో వాళ్ళంతా రేడియోలోనే కలుసుకుంటారు. స్నేహలత మైకు తీసుకుని, తొమ్మిదేళ్ళ తర్వాత తన కాల్‌సైన్, లైసెన్సుతో ఇచ్చిన గుర్తు అక్షరాలు, పలికింది. పెదవులు చురుక్కుమనలేదు. అవతల ఏలూరు నుంచి పెద్దాయన వెంకట్రాజు గారి గొంతు వినబడింది.

"ఎలీయాజరు గారి అమ్మాయి కదూ! ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళిపోయారమ్మా?"

"ఎక్కడికీ వెళ్ళలేదండీ. ఇంట్లోనే ఉన్నాను."

"వచ్చే ఆదివారం కూడా వస్తారా?"

ప్రసాదరావు నవ్వుతూ మైకు కోసం చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వు, నేను చెబుతాలే."

స్నేహలత మైకు మీది బటన్ నొక్కింది. "ప్రతి ఆదివారం వస్తానండీ. లైసెన్సు పొడిగించుకుంటున్నాను."

బటన్ వదిలి, ఇంకా చాచే ఉన్న ఆ చేతిని చూసి, "పొయ్యి మీద పప్పు అడుగంటుతోందండీ. దింపండి," అంది.