రోజూ అనే మాట

మల్సున్ అరచేత్తో రెండుసార్లు చరిచింది. బల్లమీద వెల్లకిలా పడుకున్న ఎండుచేపల కొట్టు ఆవిడ కళ్ళు తెరవకుండానే పక్కకి ఒత్తిగిల్లింది.

స్నానశాలలో నోటిమాట పనికిరాదు. ఆవిరి, కుళాయిల హోరు, వేడినీళ్ళ తొట్టిలో నానుతున్న ఆడవాళ్ళ కబుర్లు, అన్నీ పైకప్పుకి తగిలి మళ్ళీ మీదే పడుతుంటాయి. అందుకని ఒళ్ళు రుద్దేవాళ్ళకి చరుపే భాష. రెండు చరుపులంటే తిరగమని. మూడంటే అయిపోయింది, లేవమని. గున్సాన్ రేవు వెనకవీధిలో ఉన్న ఆ స్నానశాలలో ఇరవై ఏడేళ్ళుగా మల్సున్ ఎన్ని వేల ఒళ్ళు తిప్పిందో ఆమెకే తెలీదు. పొట్టి మనిషి. బస్తాలు మోసినట్టు వెడల్పాటి భుజాలు. ఎడమచెయ్యి కన్నా కుడిచెయ్యి బొటనవేలు మందాన ఎక్కువ లావు. పొద్దుట ఐదింటి నుంచి నీళ్ళలో నానీ నానీ వేళ్ళ కొనలు గులకరాళ్ళలా నునుపుదేరాయి. మొన్న ఆస్పత్రివాళ్ళు అడిగిన కుటుంబపత్రం కోసం వార్డు ఆఫీసుకి వెళ్ళి అక్కడి యంత్రం మీద బొటనవేలు పెడితే, మూడుసార్లు పెట్టినా, నువ్వు నువ్వు కాదు పొమ్మంది. ఆ పత్రం ఆఖరికి కూతురే తీయించింది.

మల్సున్ అంటే ఆఖరిపిల్ల అని. ఐదో ఆడపిల్ల పుట్టేసరికి ఇక చాలని తండ్రి పెట్టిన పేరు. ఆమె తర్వాత ఇంకా ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఆ పేరు మాట వినే రకం కాదు.

"ఇవాళ నీ చెయ్యి నామీద పగబట్టిందేంటక్కా?" అంది ఎండుచేపల ఆవిడ. "తోలు ఒలిచేస్తున్నావ్."

"నీ తోలు ఒలవాలంటే రంపం తేవాలి. కదలకు."

"అబ్బా! నొప్పికి చస్తున్నా!"

మల్సున్ చేతికున్న పచ్చటి గరుకు తొడుగు ఆవిడ నడుం దగ్గర ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ కదిలింది.

ఆ ఊళ్ళో ఎవరికి ఏది ఎక్కువైనా చావే. ఆకలికి చస్తారు, ఎండకి చస్తారు, నవ్వలేక చస్తారు, కూతురు పరీక్ష గట్టెక్కితే సంతోషం పట్టలేక చస్తారు. అందరిలోకీ ఎక్కువసార్లు చచ్చినవాడు మల్సున్ మొగుడు తెసిక్. రేవులో ఐస్ ఫ్యాక్టరీ పని. కనుబొమల మీద మంచుపొడి ఇంకా కరక్కుండానే ఇంట్లోకొచ్చి, పెళ్ళాన్ని కూతురి పేరుతో పిలుస్తూ, "ఉన్జు అమ్మా, ఆకలికి చస్తున్నా, అన్నం పడెయ్" అనేవాడు. సోయా మొలకల పులుసు ఒక గుక్క తాగి, "రుచికి చస్తున్నా" అనేవాడు. తిన్నాక గోడకి ఆనుకుని, "నిద్రకి చస్తున్నా" అనేవాడు. అన్నంత పనీ చేసి గుర్రు పెట్టేవాడు.

మూడు చరుపులు. ఎండుచేపల ఆవిడ లేచి కూర్చుంది. బల్లమీద ఆవిడ ఆకారం చుట్టూ మురికి బూడిదరంగు నలకలుగా మిగిలింది. మల్సున్ రెండు చెంబుల నీళ్ళు కొట్టి కడిగేసింది.

బట్టలు మార్చుకునే గదిలో ఫోను అప్పటికి నాలుగుసార్లు మోగి ఉంది. పనిలో వేసుకునే నలుపు లోదుస్తుల్లో, మోకాళ్ళ నుంచి నీళ్ళు కారుతుండగా, నించునే తీసింది. అవతల ఇంచాన్ నుంచి వస్తున్న బస్సు చప్పుడు. ఉన్జు అక్కడ కళ్ళద్దాల కొట్టులో పనిచేస్తుంది. ఒక్కతే కూతురు.

"అమ్మా, ఆస్పత్రిలో రెండింటికి. మర్చిపోకు. నేనేం చెప్పమన్నానో చెప్పు."

"గుర్తుందిలేవే."

"చెప్పు ఒకసారి."

మల్సున్ గది నాలుగు మూలలూ చూసింది. "టీవీలో ఆస్పత్రి సీరియల్ చూస్తూ మీ నాన్న అన్నాడు. నాకిలాంటి గతి పడితే గొట్టాలు పెట్టి ఉంచొద్దు, పంపెయ్యండి, అని."

"ఆఁ. ఇద్దరం ఒకే మాట చెప్పాలి. పొల్లుపోకూడదు."

"మీ నాన్న సీరియల్ ఎప్పుడు చూశాడే? టీవీ పెట్టగానే గుర్రు పెట్టేవాడు."

"చూశాడనుకో అమ్మా. నాన్నే అడిగాడు, మనం చేశాం. అలా అయితే నేను బతకగలను. నీకర్థమవుతోందా?"

కౌంటరు దగ్గర పాత ఫోను గణగణ మోగింది. దాని పక్కనే నించున్నా మల్సున్ తియ్యలేదు. ఆరేళ్ళుగా ఆ ఫోను ముట్టదు. అద్దాలు తుడుస్తున్న యజమానురాలు సణుక్కుంటూ తనే వచ్చి తీసింది.

*

పదకొండున్నరకి పని దిగింది. అరచేతులకి నూనె రాసుకుంది. అలమర అడుగునుంచి అరిగిపోయిన తొడుగొకటి తీసి సంచిలో పెట్టుకుంది. కొత్త తొడుగు మనుషులకి. మూడు నెలలు వాడాక గరుకు పోయి గుడ్డలా మెత్తబడుతుంది. అప్పుడది తెసిక్‌కి, ఆరేళ్ళ కిందట పని దగ్గర పడిపోయి మళ్ళీ తెలివి రాని మనిషికి. ప్రతి ఆదివారం దీర్ఘరోగుల ఆస్పత్రికి వెళ్ళి, ఆ మెత్తబడ్డ తొడుగుతో అతని ఒళ్ళు రుద్దేది. కళ్ళు తెరిచే ఉండేవి, వాటిలో చూపుండేది కాదు. ముక్కులోంచి వెళ్ళిన గొట్టంలో గంజి దిగుతుండేది. మోచేతులు లోపలికి ముడుచుకుపోయి, వేళ్ళు కోడికాళ్ళలా వంకర్లు తిరిగాయి. అలవాటు కొద్దీ రెండుసార్లు చరిచేది. తిరుగుతాడేమో అన్నట్టు ఒక్క క్షణం ఆగేది. తర్వాత తనే తిప్పుకునేది. చిత్రమేమిటంటే మురికి వచ్చేది. కదలని ఒంట్లోంచి, వారం వారం, నలకలు నలకలుగా. మురికొస్తోందంటే మనిషి ఉన్నట్టేనని మొదటి రెండేళ్ళూ అనుకుంది. ఆ తర్వాత అలా అనుకోవడం మానేసింది. రుద్దడం మాత్రం మానలేదు.

ఆ గొట్టం తీసేస్తారా అని మూడో ఏడు అడిగింది కూడా. ఆ ఆస్పత్రి పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ చెప్పాడు: "మీ ఆయన చావుబతుకుల్లో లేరమ్మా. నిలకడగా ఉన్నారు. వైద్యం ఆపనిచ్చే చట్టం చావబోయేవాళ్ళకే. గొట్టంలో వెళ్ళే గంజి ఆపే హక్కు నాకూ లేదు, మీకూ లేదు."

"మరి ఆయనకి?"

"ఆయన చెప్పలేరు కదా!"

పోయిన నెలాఖరున ఊపిరితిత్తుల్లో చీము పట్టింది. పెద్దాస్పత్రికి తెచ్చారు. గాలి యంత్రం తగిలించారు. మూత్రపిండాలు ఆగిపోతే దానికో యంత్రం. పద్నాలుగు రోజులుగా అద్దం అవతలే ఉన్నాడు, రుద్దనివ్వలేదు. సోమవారం ఇద్దరు డాక్టర్లు చూసి సంతకాలు పెట్టారు. ఇప్పుడు చావుదారిలో పడ్డాడని. ఆరేళ్ళు గడిచాక, చట్టం లెక్కలో తెసిక్ ఇప్పటికి చావడం మొదలుపెట్టాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని మల్సున్ ఆ మాట వల్లెవేసింది. గొట్టాలు పెట్టి ఉంచొద్దు, పంపెయ్యండి. పెదాలు కదుపుతూ పదిసార్లు అనుకుంది. పదిసార్లూ అది ఉన్జు గొంతుతోనే వినిపించింది. తెసిక్ గొంతుతో అనిపిద్దామని చూస్తే, ఆ గొంతు మొదటి ముక్క దగ్గరే దారి తప్పి, ఆకలికి చస్తున్నా అంది.

*

సలహాగది ఇరుకు. గుండ్రటి బల్ల, కాగితపు రుమాళ్ళ పెట్టె. ఉన్జు అప్పటికే వచ్చి కూర్చుంది. కంటికింద నల్లటి చారలు. డాక్టర్ గిల్ బక్కపల్చటి మనిషి, లేచి తలవంచి పలకరించాడు. యంత్రాలు తీస్తే గంటల్లోనే పోవచ్చని, ఉంచితే వారమో రెండు వారాలో అని చెప్పాడు. స్పృహ రావడమనేది ఇక లేదన్నాడు. పక్కన ఉన్న సలహాదారు అమ్మాయి ముప్ఫై దాటని పిల్ల, రెండు కాగితాలు బల్లమీద పెట్టింది.

"ఇది మొదటిదమ్మా. ఆయన ఒంట్లో బాగున్నప్పుడు ఏం కోరుకునేవారో కుటుంబంలో ఇద్దరు ఒకే మాటగా చెప్పాలి. అప్పుడది ఆయన నిర్ణయం కింద రాసుకుంటాం. ఇది రెండోది. ఆయన కోరికేమిటో తెలీదు, కుటుంబం మొత్తం ఒప్పుకుని ఆపించింది, అని. మీ ఇంట్లో మీరిద్దరే కాబట్టి ఇద్దరూ సంతకం చెయ్యాలి. ఒక్కరు కాదన్నా కుదరదు."

"మొదటిదే," అంది ఉన్జు. తడుముకోకుండా చెప్పింది. సీరియల్, గొట్టాలు, పంపెయ్యండి. నిజంగా విన్నదానిలా కళ్ళు తుడుచుకుంది. బహుశా చెప్పీ చెప్పీ నిజంగానే విని ఉంటుంది.

అమ్మాయి రాసుకుని మల్సున్ వైపు తిరిగింది. "మీరు కూడా విన్నారా అమ్మా? ఆయన ఎప్పుడైనా చావు గురించి మాట్లాడారా?"

మల్సున్ నోట్లోంచి నవ్వు లాంటిదేదో వచ్చింది. "రోజూ."

"ఏమనేవారు?"

"చస్తున్నా అనేవాడు. ఆకలికి, ఎండకి, నిద్రకి. ఈ పిల్ల పుట్టిన రోజున ఆస్పత్రి మెట్లమీద కూర్చుని, సంతోషానికి చచ్చేట్టున్నా అన్నాడు."

"అమ్మా," అంది ఉన్జు బల్ల కింద తల్లి మోకాలు నొక్కుతూ. "అది కాదు. సీరియల్ సంగతి."

మల్సున్ తన వేళ్ళ కొనలు చూసుకుంది. నున్నగా ఉన్నాయి.

"ఆ రోజు నాకు ఫోను చేశాడు."

"ఎవరు?"

"మీ నాన్నే. ఫ్యాక్టరీ నుంచి, మా కౌంటరు ఫోనుకి. ఛాతీమీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుందే, చస్తున్నా అన్నాడు. బల్లమీద మనిషిని వదిలేసి వచ్చా. ఇంకో ముగ్గురు కాచుకునున్నారు. చస్తే చావు, సాయంత్రం మాట్లాడదాం, అని పెట్టేశా. ఐస్‌గదిలో పడిపోయాక ఎంతసేపటికో చూశారట."

డాక్టర్ గిల్ కలం మూత పెట్టి మళ్ళీ తీశాడు.

"జన్మలో ఒక్కసారి ఆ మాట నిజంగా అన్నాడే," అంది మల్సున్. "అన్నమాట నేను నమ్మలేదు. ఇప్పుడు అనని మాట అన్నాడని వీళ్ళని నమ్మించమంటావా?"

ఉన్జు ముఖం సున్నం కొట్టినట్టయింది. "ఆరేళ్ళు... నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే రావడం మానేస్తావని."

తర్వాత మల్సున్ చెయ్యి చాచి రెండో కాగితం తనవైపు లాక్కుంది. "ఇదివ్వమ్మా. పంపేది మేమే, ఆయన కాదు." పేరు రాసింది. ఆఖరిపిల్ల అనే ఆ పేరు రాయడానికి చాలాసేపు పట్టింది. కాగితం కూతురి ముందుకి జరిపింది.

"నా చేత్తో రాయమంటావా, నాన్నని చంపమని?"

"వద్దంటే వద్దు. ఆదివారం వచ్చి రుద్దుకుంటా. ఇన్నాళ్ళూ రుద్దాగా."

గోడగడియారం కింద ఎవరో నర్సు తలుపు తోసి, మనుషుల్ని చూసి మళ్ళీ మూసింది. ఉన్జు కలం పట్టుకుంది. పేరు రాసేటప్పుడు ఎంత నొక్కిందంటే, కింది కాగితం మీద కూడా అచ్చు పడింది. తల్లి వైపు మాత్రం చూడలేదు. ఆ రోజున మరి చూడలేదు.

*

నాలుగింటికి చివరిచూపు గదికి మార్చారు. కిటికీలోంచి రేవు క్రేన్లు కనిపిస్తున్నాయి. నర్సు గాలి గొట్టం తీసింది. తెసిక్ గొంతులో గరగర మొదలైంది. అచ్చం గోడకానుకుని నిద్రపోయినప్పటి గుర్రు. మల్సున్ ఆ చప్పుడు విని అతని ముఖంలోకి వంగింది. కళ్ళు కొద్దిగా తెరిచే ఉన్నాయి.

"ఒక బేసిన్ వేడినీళ్ళిస్తావామ్మా?" అంది.

నర్సు తటపటాయించి, వెళ్ళి తెచ్చింది.

మెత్తటి తొడుగు చేతికి తొడుక్కుని మెడ దగ్గర మొదలుపెట్టింది. భుజం. ముడుచుకున్న మోచెయ్యి మడతలు. పద్నాలుగు రోజుల మురికి, ఎప్పటిలాగే నలకలు కట్టింది. ఛాతీమీద చెయ్యి తేలిక చేసింది. పొట్ట, తొడలు, మడమలు. పూర్తయ్యాక అరచేత్తో రెండుసార్లు చరిచింది.

నర్సు ఉలిక్కిపడి చూసింది. మల్సున్ ఎప్పట్లాగే ఒక్క క్షణం ఆగింది. తర్వాత అతని భుజం కింద చెయ్యి పెట్టింది. కిటికీ దగ్గర్నుంచి ఉన్జు వచ్చి నడుం దగ్గర పట్టుకుంది. ఇద్దరూ కలిసి పక్కకి తిప్పారు.

వీపు సగం రుద్దేసరికి గరగర ఆగింది. మల్సున్‌కి అరచేతిలోనే తెలిసింది. చెయ్యి ఆపలేదు. నడుం దాకా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, మెల్లగా, ఎవరికీ వినబడనంత మెల్లగా, మూడుసార్లు చరిచింది.

డాక్టర్ గిల్ వచ్చి టైము చెప్పాడు. ఉన్జు కోటు తీసుకుని, తండ్రిని తీసుకెళ్ళే బండి వెనక నడిచింది. మల్సున్ సంచి భుజాన వేసుకుని, వాళ్ళకి నాలుగడుగుల వెనక, ఎవరో దూరపు చుట్టంలా నడిచింది.

గదిలో బేసిన్ అంచుమీద తొడుగు ఉండిపోయింది. లోపల చెయ్యి ఉన్నట్టే ఉబ్బి ఉంది. దాని నేతలో చిక్కుకున్న బూడిదరంగు నలకలు ఇంకా ఆరలేదు.