అరగంట ముందున్న గడియారం

తప్పంతా గంటలమ్మది. ఆ పేరు పెట్టింది కుట్టు ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టే బొత్తాలక్క. అసలు మనిషి మాత్రం, అదే ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామెకి అత్తగారు. కాపురానికి వచ్చిన మూడో రోజున కోడలు కాస్త ఆలస్యంగా లేచిందని ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. స్టూలెక్కి, హాల్లో గోడగడియారాన్ని అరగంట ముందుకు తిప్పి, దిగి, చేతులు దులుపుకుంది. తిట్టినా బాగుండేది. తిట్టు రెండు రోజులుండి పోతుంది. ఇది పదహారేళ్లుగా గోడమీదే ఉంది.

గడియారం ముందుందన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఎవరి అరగంట వాళ్లు తీసేసుకునేవాళ్లు. పొద్దున గడియారం ఏడు కొట్టేసరికి టిఫిన్ బల్లమీద ఉండాలన్నది అత్తగారి చట్టం. ఆమె ఉంచేది. అప్పుడు మంచం మీంచి మొగుడు అడుగుతాడు, టైమెంతయిందమ్మా అని. ఏడురా అని తల్లి చెబుతుంది. అయితే ఆరున్నరే కదా అని అతను దుప్పటి ముసుగు పెడతాడు. కొడుకు లేవందే ఆవిడ ముద్ద ముట్టదు. అరగంట తర్వాత ఇద్దరూ వచ్చి కూర్చుని, మూత తీసి, చల్లారిపోయిందే అంటారు. ఆమె మళ్లీ వేడి చేస్తుంది, వడ్డిస్తుంది, గిన్నెలు కడుగుతుంది, చెయ్యి తడి ఆరకుండానే బస్సుకి పరిగెడుతుంది. మొదట్లో ఒకసారి, ఎలాగూ అసలు ఏడింటికే తింటున్నారు కదా, అప్పటికే వండుదామని చూసింది. "ఏడంటే ఏడు. పక్కింటి గడియారం చూసి వండే అలవాటు ఈ ఇంట్లో లేదు" అన్నారు అత్తగారు. ఆ రోజే ఆమెకు అర్థమైంది. ఆ గడియారం అందరికీ అరగంట ముందు. తన ఒక్కదానికే సరైన టైము. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తన నిద్ర తెచ్చి ఆయనకు పంచారు, అంతే.

ఆమె చేసేది చెకింగ్ బల్ల దగ్గర. కుట్టిన చొక్కాలు తిరగేసి, మిగిలిన దారాలు కత్తిరించి, కుట్టు తప్పిన చోట ఎర్ర కాగితం అంటించాలి. పదకొండేళ్లుగా ఊళ్లోవాళ్ల చొక్కాల్లో తప్పులు పడుతోంది. నిలబడి చేసే పని కావడంతో సాయంత్రానికి పిక్కలు రాళ్లయిపోతాయి. ఆ బల్లకి పెద్దగా ఉన్నావిడ పని మానేసిందని తెలిసిన దగ్గర్నుంచీ ఆమెకు కాలు ఒక చోట నిలవడం లేదు. బల్ల పెద్దకి కుర్చీ ఉంటుంది. నాలుగున్నరకల్లా ఇంటికి పంపేస్తారు. అన్నిటికంటే, చూసిన చొక్కాల చీటీ మీద సొంత సంతకం ఉంటుంది. మేనేజరు ఆమెనే పిలిచి అడిగాడు. ఎనిమిదిన్నరకి కాదు, ఎనిమిదికి రావాలన్నాడు. సోమవారం మొదలు, మొదటి వారంలో ఒక్కరోజు ఆలస్యమైనా ఇంకొకరిని చూసుకుంటానన్నాడు.

ఎనిమిదికి అక్కడుండాలంటే ఏడుంపావుకి ఇంట్లోంచి బయట పడాలి. అరగంట. ఎక్కడ దొరుకుతుంది అరగంట? ఆ మాటే తలలో ఈగలా తిరుగుతుంటే, అదే వారం ఫ్యాక్టరీ వాళ్లు టైము ఎలా వాడుకోవాలో చెప్పించడానికి ఒక మాస్టారిని తీసుకొచ్చారు. ఇరవై నాలుగు గడులున్న కాగితం, మూడు రంగుల పెన్సిళ్లు ఇచ్చాడాయన. ఫ్యాక్టరీ పనికి ఎరుపు, ఇంటి పనికి నీలం, సొంతానికి ఆకుపచ్చ. ఆడవాళ్లు పొద్దున ఒక్క గంట ముందు లేస్తే జీవితమే మారిపోతుందని కూడా సెలవిచ్చాడు. పడుకుంటే కదండీ లేవడానికి, అని వెనకాల నుంచి బొత్తాలక్క అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, గడులు నింపుతోంది. ఎరుపు అరిగింది. నీలం అరిగి మొద్దుబారింది. ఆకుపచ్చ పెన్సిల్ చెక్కిన మొన చెక్కినట్టే మాస్టారి చేతికి తిరిగి వెళ్లింది. నిద్ర ఉంది కదమ్మా, అది సొంతం కాదా అన్నాడు ఆయన, జాలిపడి. అప్పుడు ఆమె కాగితం తిరగేసి, వెనకవైపు, ఆ నిద్రలో పోయిందెంతో లెక్క వేసింది. రెండుసార్లు వేసింది. మడిచి జాకెట్లో పెట్టుకుంది.

ముందు మర్యాదగానే అడిగింది. టిఫిన్ చేసి మూతపెట్టి వెళ్తాను, మీరు వడ్డించుకుని తినండి అంది. మగవాడు గిన్నెల మూతలు తీసుకుంటూ తింటాడా అని అత్తగారు ఆశ్చర్యపోయారు. మొగుడు మెత్తగా మాట్లాడే మనిషి. మెత్తటి మనిషితో పోట్లాట దిండుతో పోట్లాటే, ఎంత గుద్దినా మళ్లీ మామూలుగా అయిపోతుంది. కుర్చీ కోసం ఇంత హైరానా ఎందుకు, ఇంట్లో ఉన్నవి చాలవా అన్నాడు. తను వేసిన పెద్ద జోకుకి తనే నవ్వుకున్నాడు. నిజమే, ఇంట్లో నాలుగు కుర్చీలున్నాయి. వాటిని తుడవడానికి తప్ప తను ఎప్పుడు ముట్టుకుందో గుర్తు చేసుకోబోయింది, గుర్తు రాలేదు.

ఆదివారం సాయంత్రం అత్తగారు హాల్లో కూర్చుని చూస్తుండగానే స్టూలు వేసుకుంది. గుడ్డతో గడియారం తుడిచింది. తుడిచాక ముల్లు అరగంట వెనక్కి తిప్పింది. కోడలు దుమ్ము దులుపుతోందనుకుని ఆవిడ తల తిప్పుకున్నారు. దొంగపని చేసిన పేరు తనకొద్దు. అందుకే భోజనాల దగ్గర, ఇద్దరూ ఎదురుగా ఉండగా, వడ్డిస్తున్న గరిటె ఆపి మరీ చెప్పింది.

"గడియారం సరిచేశాను. రేపట్నుంచి ఏడంటే అసలు ఏడే. ఏడింటికి వేడిగా వడ్డిస్తాను. ఏడుంపావుకి నేను వెళ్లిపోతాను."

మొగుడు ఫోన్ చూసుకుంటూ ఊఁ అన్నాడు. అత్తగారు మంచినీళ్లు ఇటు పెట్టమన్నారు. గోడలకు చెవులుంటాయంటారు. ఆ ఇంట్లో వాటికి మాత్రమే ఉన్నాయి.

సోమవారం పొద్దున ఆమె అరగంట ఎక్కువ పడుకుంది. పడుకుందన్న మాటే గానీ నిద్ర పట్టలేదు, అలవాటు తప్పిన అరగంట కదా, కొత్త చెప్పులా కరిచింది. గడియారం ఏడు కొట్టేసరికి టిఫిన్ బల్లమీద పొగలు కక్కుతోంది. గదిలోంచి ఎప్పటి ప్రశ్నే వచ్చింది. ఏడురా అని అత్తగారు చెప్పారు. అయితే ఆరున్నరే కదా, అని దుప్పటి. ఆమె గుమ్మం దాకా వెళ్లింది. "ఏడే అయిందండీ. నిన్న చెప్పాను" అంది. తెలుసులేవే, అని దుప్పటి బదులిచ్చింది. ఆవిరి సన్నగిల్లుతున్న గిన్నెని చూస్తే ఎప్పటిలాగే చేతులు దానిమీదికి పోయాయి. కాసేపాగి మూత పెట్టింది. ఏడుంపావుకి చెప్పులేసుకుంది. వీధి మలుపు తిరిగేదాకా వెనక ఎవరో పిలుస్తారని వీపు ఎదురుచూస్తూనే ఉంది. ఎవరూ పిలవలేదు. వాళ్లింకా తన అరగంటలో నిద్రపోతున్నారు.

ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే కుర్చీలో కూర్చుంది. మొదటి చీటీ మీద సంతకం వంకరగా వచ్చింది. బొత్తాలక్క వచ్చి చూసి, ఏమే పెద్దమ్మా, కుర్చీ మెత్తగా ఉందా అని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది.

మొదటి టీ విరామంలో ఫోన్ మోగింది. మొగుడు. ఆఫీసు బస్సు వెళ్లిపోయిందట, పై అధికారి అందరిముందూ నిలబెట్టి అడిగాడట, టిఫిన్ మంచుగడ్డలా ఉందట. ఇంత కోపంగా ఆయన మాట్లాడగలడని ఆమెకు తెలియదు. దిండులో కూడా రాయి ఉంటుందన్నమాట.

"గడియారం ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?"

"రాత్రి భోజనాల దగ్గర చెప్పాను."

"చెబితే వినపడేట్టు చెప్పొద్దూ? నాకు అరగంట పోయింది. తెలుస్తోందా? అరగంట. ఇప్పుడది ఎవరిస్తారు నాకు?"

ఆమె జాకెట్లోంచి కాగితం తీసి, మడత విప్పి, బల్లమీద పరిచింది. చూడక్కర్లేదు, నోటికి వచ్చు. అయినా పొరపాటు పడడం ఇష్టం లేక వేలు పెట్టి చదివింది.

"పదహారేళ్లు. మధ్యలో నాలుగుసార్లు ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది వచ్చింది, ఆ పొద్దున్నలు కూడా కలిపాను. నాకు పోయింది నూట ఇరవై ఒక్క రోజుల పద్దెనిమిది గంటలు."